గోరీకి పట్టా ఉందా?

మమ్మల్ని చూడగానే అడక్కుండా ఉండలేని ప్రశ్న ఒకటుంది. 'మీవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారండీ?' అని. మంచివాళ్లే అడుగుతారు. పక్కన కూచోబెట్టుకుని, కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. అమలాపురం నుంచి అంటే నవ్వుతారు. 'అది కాదు సాయిబుగారూ, అసలు...' అంటారు. ఆ 'అసలు' దగ్గర మాకు మాట పెగలదు. మా తాత, ముత్తాత, ఆయన తండ్రి కాలవగట్టు పక్కన కొబ్బరిచెట్ల కింద పడుకుని ఉన్నారు. మా అసలు అదే. అంతకంటే వెనక్కి వెళ్లమంటే మిమ్మల్నీ వెళ్లమనాల్సి వస్తుంది.

అందుకని ఈసారి నిజంగానే ఎక్కడి నుంచో ఓడెక్కి వచ్చినవాళ్ల గోరీల గురించి రాద్దామనుకున్నాం. తెలుగు నేల లోంచి తీసిన రాళ్ల కోసం వచ్చి, తిరిగి వెళ్లలేక ఇక్కడే మట్టయిపోయిన యూదుల గురించి. యూదులతో సాయిబులకేం పని అని మావాళ్లలోనే కొందరు ముఖం చిట్లిస్తారు. పాలస్తీనా విషయంలో మాకున్న కోపం మాకుంది, దాచుకోం. కానీ 1687లో చచ్చిపోయిన ఒక వర్తకుడి గోరీని దానికి జవాబుదారీ చెయ్యటం ఎట్లా? ఔరంగజేబు చేసినదానికి అమలాపురం సాయిబుని నిలబెట్టి అడిగేవాళ్లు చేసే పని అదే కదా.

మా కోనసీమకి పరాయి దేశపు వర్తకులు కొత్త కాదు. గోదావరి పాయల మధ్యా, పక్క తీరంలోనూ నేసిన బట్ట కోసం సముద్రాలు దాటి వచ్చారు. అమలాపురానికి దగ్గర్లో బెండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. యానాం పక్కన ఇంజరంలో ఇంకొకటి. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం బట్ట 'మడపొల్లం' అనే పేరుతో ఇంగ్లండు బజార్లకెక్కింది. పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్లు. 1757లో బుస్సీ వచ్చి ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీలు మూడూ లాక్కున్నాడు. మేము బి.ఎ.లో చదివిన చరిత్ర పుస్తకంలో అదే ఏడాది జరిగిన ప్లాసీ యుద్ధం ఉంది, బెండమూర్లంక లేదు. ఊరి పేరు పుస్తకంలో లేకపోతే ఊరివాడికి తను కూడా లేనట్టే అనిపిస్తుంది.

వచ్చినవాళ్లలో చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. యానాంలో దొరల సమాధులున్నాయి. భీమునిపట్నంలో డచ్చి సమాధులున్నాయి. బందరులో డచ్చివాళ్ల సమాధుల తోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉంది. రాళ్ల మీద వంశాల ముద్రలు, చెక్కిన అక్షరాలు, బయట బోర్డు, పాడుచేస్తే శిక్ష అని హెచ్చరిక. బాగుంది. వర్తకం చేసుకోవటానికి వచ్చి పోయినవాళ్లకి బోర్డు ఉంది. ఆ బట్ట నేసిన సాలెవాడు, దాన్ని ఓడరేవుకి మోసినవాడు, తెడ్డు వేసినవాడు ఏ గట్టు కింద ఉన్నారో ఏ బోర్డూ చెప్పదు.

యూదులు వచ్చింది బట్ట కోసం కాదు, వజ్రాల కోసం. గోల్కొండ వజ్రం అన్న పేరే గాని గోల్కొండలో గని లేదు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరులో, పరిటాలలో, ఆ చుట్టుపక్కల. కొల్లూరు గనిలో 60 వేల మంది దాకా పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. మగవాళ్లు తవ్వటం, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మొయ్యటం. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. అక్కడ చచ్చిపోయిన కూలీల గోతులు కూడా ఉంటే గింటే ఆ నీళ్ల కిందే.

ఈ యూదులు ఎవరు? స్పెయిను నుంచి, పోర్చుగల్ నుంచి తరిమేసిన వాళ్ల సంతతి. 1492లో గ్రనడా పడిపోయింది, అదే ఏడాది యూదుల్ని దేశం వదిలిపొమ్మన్నారు. ఆ తర్వాత వంతు ముస్లిములది. మతం మార్చుకున్నా నమ్మలేదు. 1609 నుంచి వాళ్లనీ ఓడలెక్కించారు. ఒకే రేవులో ఇద్దరూ ఏడ్చారు. యూదులు ఆమ్‌స్టర్‌డామ్‌లో, లివోర్నోలో, తర్వాత లండన్‌లో స్థిరపడ్డారు. అక్కడి నుంచి పగడాలూ వెండీ మద్రాసుకి తెచ్చి వజ్రాలు కొనుక్కెళ్లేవారు. వాళ్లలో ఒకాయన జాక్ డి పైవా. గోల్కొండ గనుల దారిలో జబ్బుచేసి 1687లో చచ్చిపోయాడు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఔరంగజేబు గోల్కొండ కోటనీ పట్టాడు. డి పైవాని మద్రాసు పెద్దనాయకన్ పేటలో పూడ్చారు. యూదులకి అక్కడ శ్మశానం ఏర్పడటానికి ఆయనే కారణం. ఆయన భార్య హియెరోనిమా తర్వాత మద్రాసు గవర్నరు ఎలిహు యేల్‌తో కలిసి ఉంది. అమెరికాలో ఆ యేల్ పేరుతో పెద్ద యూనివర్సిటీ ఉంది. తెలుగు కూలీ తవ్విన రాయి ఎంత దూరం వెళ్లిందో చూడండి.

1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకులకీ చోటిచ్చారు. అంత పలుకుబడి ఉన్నవాళ్ల సమాధులు ఏమయ్యాయి? ఊరు పెరిగింది. శ్మశానం నగరం మధ్యలోకొచ్చింది. టంకశాల వీధి నుంచి రాళ్లు లేపారు. కొన్ని కాశిమేడు చేరాయి, అక్కడి నుంచి లాయిడ్స్ రోడ్డుకి. ప్రతిసారీ దారిలో కొన్ని రాళ్లు పోయాయి. మేము చెన్నైలో పత్రిక పని మీద ఉన్నప్పుడు ఒక సాయంత్రం వెళ్లి చూశాం. గట్టిగా ఇరవై రాళ్లు ఉండవు. రాళ్లు ప్రయాణం చేశాయి సరే, మనుషులు? వాళ్లు టంకశాల వీధి కిందే ఉండిపోయి ఉంటారు, పైన ఆటోలు తిరుగుతూ ఉంటాయి.

ఆ శ్మశానాన్ని వాళ్ల భాషలో 'బేత్ హైమ్' అంటారు. బతికున్నవాళ్ల ఇల్లు అని అర్థం. అది విన్నప్పుడు మాకు తర్జుమా అక్కర్లేకపోయింది. బేత్ అంటే మా 'బైత్', ఇల్లు. హైమ్ అంటే మా 'హయాత్' చుట్టం, బతుకు. గోరీని వాళ్లు 'కెవెర్' అంటారు, మేము 'ఖబర్' అంటాం. శవానికి చేయించే స్నానం వాళ్లకి 'తహరా', శుద్ధికి మా మాట 'తహారత్'. కుట్టు తక్కువ తెల్ల బట్ట, పెట్టె కంటే మట్టి మేలనటం, ఆలస్యం చెయ్యకుండా సాగనంపటం... అమ్మీకి ఇదంతా చెప్తే 'మనవాళ్లే కదరా' అంది. అవునో కాదో పండితులు తేల్చుకుంటారు. నోట్లో మాటలు మాత్రం ఒక తల్లి బిడ్డలే.

యూదుడుగా పుట్టి సాయిబుల మధ్య పడుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. సర్మద్. కాషాన్ నుంచి వర్తకానికి సింధులో ఠట్టాకి వచ్చి, అభయ్‌చంద్ అనే హిందూ కుర్రాడి ప్రేమలో పడి, వ్యాపారం వదిలి బట్టలు కూడా వదిలేసిన ఫకీరు. మన హైదరాబాదులోనూ కొన్నాళ్లున్నాడు. 1647లో ఆయన్ని అక్కడ కలిసి, యూదుల మతం గురించి ఆయన దగ్గర విని రాసుకున్నానని 'దబిస్తానె మజాహిబ్' రాసినాయన చెప్తాడు. అభయ్‌చంద్ తౌరాత్‌లో కొంత భాగం ఫార్సీలోకి తెచ్చాడు. తర్వాత సర్మద్ ఢిల్లీ వెళ్లాడు, దారా షికోకి దగ్గరయ్యాడు, 1661లో ఔరంగజేబు ఆయన తల తీయించాడు. జామా మసీదు మెట్ల దగ్గర ఎర్రరంగు వేసిన దర్గా ఆయనది. ఇప్పుడాయన ఎవరివాడు? యూదుడా, ముస్లిమా, నాస్తికుడా? మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఆయన మీద వ్యాసం రాశారు. ఆ దర్గాకి వచ్చే ముసలమ్మలకి ఈ చర్చ తెలియదు. దారం కట్టి పోతారు.

పెద్ద ఊళ్ల సంగతి అలా ఉంచితే, చిన్న ఊళ్లో యూదుల శ్మశానం ఏమవుతుందో తెలుసుకోవాలంటే కేరళలో మాళ అనే ఊరికి వెళ్లాలి. త్రిశూరు జిల్లా. అక్కడి యూదులు 1955లో మూటాముల్లె కట్టి ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఎవరూ తరమలేదు, వాళ్లే వెళ్లారు. వెళ్లేముందు ఒక పని చేశారు. జనవరి 4న పంచాయతీతో ఒప్పందం రాయించుకున్నారు. ప్రార్థనా మందిరం, శ్మశానం మీకు అప్పగిస్తున్నాం, శ్మశానాన్ని శ్మశానంగానే ఉంచాలి అని. నాలుగెకరాల దాకా ఉన్న ఆ చోటులో ఇప్పుడు నిలబడి ఉన్న సమాధులు మూడే. కొంత భూమి ఆటస్థలానికి పోయింది. దాని మీద గొడవపడి కోర్టుల చుట్టూ తిరిగింది యూదులు కాదు, వాళ్లు అక్కడ లేరు. ఊళ్లో ఉన్న హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు. ఆ మూడు గోరీల్లో వాళ్లకి చుట్టాలెవరూ లేరు. ఊరి పెద్దలు సంతకం పెట్టిన మాట నిలబడాలని పట్టుబట్టారంతే.

కేరళ మాట వచ్చింది గనక ఇంకొకటి. చేందమంగలంలో ప్రార్థనా మందిరం ముందు ఒక రాయి ఉంది. 1269 నాటిది, మన దేశంలో దొరికిన హీబ్రూ సమాధి రాళ్లలో అన్నిటికంటే పాతది. దాని మీద ఉన్న పేరు రాజుది కాదు, రబ్బీది కాదు. ఇజ్రాయెల్ కూతురు సారా. అంతే. ఏడువందల యాభై ఏళ్లు ఒక ఆడమనిషి పేరు వానలో నిలబడింది.

అలాగని వాళ్లలో అంతా సమానమే అనుకోకండి. కొచ్చిన్‌లో తెల్ల యూదులనీ నల్ల యూదులనీ తేడాలుండేవి. విడుదల పొందిన బానిసల సంతతిని ప్రార్థనలో సమానంగా కూచోనిచ్చేవారు కాదు. అదే సంతతిలో పుట్టిన ఎ.బి.సలేం అనే లాయరు గాంధీ పద్ధతిలో సత్యాగ్రహం చేసి పోరాడాల్సి వచ్చింది. మాకు ఇది చదివి ఆశ్చర్యం కలగలేదు, సిగ్గు కలిగింది. మా ఊరి ఖబరస్తాన్‌లో దూదేకుల వాళ్ల గోరీలు ఎందుకు ఒక మూలకే ఉన్నాయో చిన్నప్పుడు అడిగితే పెద్దవాళ్లు 'అక్కడ నీడ ఎక్కువ' అన్నారు. నీడ కాదు, పల్లం. వానాకాలం నీళ్లు నిలిచేది అక్కడే.

ఇక మా గోరీల దొడ్డి సంగతి. కోనసీమలో గొయ్యి తవ్వటమంటే నీళ్లతో గొడవ. ఎండాకాలం నాలుగడుగులు దిగొచ్చు. శ్రావణంలో రెండడుగులకే ఊట. బకెట్లతో తోడుతూ ఉండగానే జనాజా వచ్చేస్తుంది. కితాబుల్లో చెప్పిన లహద్, అంటే గొయ్యి గోడలో పక్కకి తొలిచే గూడు, ఈ ఒండ్రులో నిలవదు. కూలిపోతుంది. అందుకని నిలువు గొయ్యి, పైన తాటి పలకలు, వాటి మీద కొబ్బరాకుల తడిక, ఆ పైన మట్టి. రెండు మూడేళ్లకి పలకలు పుచ్చి గోరీ కుంగిపోతుంది. మళ్లీ మట్టి పొయ్యాలి. మట్టి పోసే మనిషి ఊళ్లో ఉన్నన్నాళ్లే గోరీ ఉంటుంది. వాడు హైదరాబాదు పోతే, కువైట్ పోతే, నేల చదును.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి తర్వాత వెళ్లి చూస్తే దొడ్డిలో చెట్టు నిలబడి లేదు. వేళ్లతో సహా లేచిన కొబ్బరిచెట్లు గోరీల్ని తవ్వి పెట్టాయి. అప్పటికి మాకు పదిహేనేళ్లు ఉంటాయేమో. అబ్బా మాకు చూడొద్దని చెప్పి తను ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఆ పక్కనే దళితుల శ్మశానం, మధ్యలో జెముడు కంచె. కంచె కొట్టుకుపోయింది. ఏ మట్టి ఎవరిదో తెలియలేదు. రెండు పేటలవాళ్లూ కలిసి వారం రోజులు సర్దారు. కంచె మళ్లీ వేసింది మాత్రం నాలుగు నెలల తర్వాత. ఎవరికీ తొందర కనిపించలేదు.

మొన్నీమధ్య కాలవగట్టు రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలకొచ్చారు. టేపు పట్టుకున్న కుర్రాడు మర్యాదస్తుడే. 'కాగితం ఏమైనా ఉందాండీ? పట్టానో, దానపత్రమో, వక్ఫ్ గెజిట్టో?' అన్నాడు. ఏముంది? ముత్తాత కాలంలో ఒక మోతుబరి రైతు నోటిమాట మీద ఇచ్చాడని చెప్పుకోవటమే. అడంగల్లో చూస్తే పోరంబోకు. వందేళ్లుగా మనుషుల్ని దాచుకున్న భూమి పేరు పోరంబోకు. మా జమాతు పెద్ద ఒకాయన గోరీల వైపు చెయ్యి చూపించి 'వాళ్లనడుగు బాబూ' అన్నాడు. కుర్రాడు తల దించుకున్నాడు గాని రాయాల్సింది రాసుకున్నాడు.

అప్పుడు ముందుకొచ్చి మాట్లాడింది మావాడు కాదు. గోతులు తవ్వే ముసలాయన. దళితపేట మనిషి. 'మా అయ్య తవ్వేడండి, నేను తవ్వేనండి. ఎవురెవురు ఎక్కడున్నారో నేను సెబుతానండి, రాసుకోండి' అన్నాడు. 'నోటిమాట చెల్లదు తాతా' అన్నారు. మూడు గజాలు రోడ్డులోకి పోయాయి. ఆ మూడు గజాల్లో ఎవరున్నారో ఆయనకి తెలుసు.

2025లో వక్ఫ్ చట్టం సవరించినప్పుడు 'వాడకం వల్ల వక్ఫ్' అనే మాట తీసేశారు. అంటే, తరతరాలుగా మసీదుగానో ఖబరస్తాన్‌గానో వాడుకుంటున్నందువల్లే అది వక్ఫ్ అవటం ఇకముందు కుదరదు. అప్పటికే రిజిస్టరైనవాటికి రక్షణ ఉందన్నారు, వివాదంలో ఉన్నవి, సర్కారు భూమి అన్నవి తప్ప. కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. పెద్ద నగరాల్లో కోట్ల విలువైన వక్ఫ్ భూములు తిన్న ముతవల్లీల గురించి మేమే ఎన్నో వార్తలు రాశాం, వాళ్ల మీద జాలేమీ లేదు. కానీ కాలవగట్టు మీది పద్దెనిమిది సెంట్ల గోరీలకి వాడకం తప్ప ఇంకో దస్తావేజు ఏముంటుంది? ఆ మాటకొస్తే పక్క శ్మశానానికి ఆ దిక్కూ లేదు. కోనసీమలో దళితుల శ్మశానాలు ఎన్ని కొబ్బరితోటల్లో కలిసిపోయాయో, ఎన్ని రొయ్యల చెరువుల గట్టు కింద పడ్డాయో ఎవరు లెక్కపెట్టారు? జిల్లాకి అంబేద్కర్ పేరు పెడితేనే 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు.

గోరీని కాపాడేది చుట్టరికం కాదనిపిస్తుంది ఒక్కోసారి. కలకత్తాలో యూదుల ప్రార్థనా మందిరాలకి కాపలా ఉండి దీపాలు తుడిచేది తరాలుగా ముస్లిములు. రంగూన్‌లో 26వ వీధి యూదు మందిరం చుట్టూ ఉన్నవి సాయిబుల దుకాణాలే. రంగూన్ అంటే మాకు పరాయిది కాదు. కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగు కూలీల్ని అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1942లో జపాన్ బాంబులకి యూదులూ కోరంగీలూ ఒక్కసారే పారిపోయారు. యూదుల శ్మశానం అక్కడ మిగిలింది. కోరంగీల గోతులు, చితులు ఎక్కడున్నాయో అడగటానికి కూడా మనకి తెలియదు. మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర నౌగాఁవ్‌లో బెనె ఇజ్రాయెల్ వాళ్లు తమ ఓడ పగిలినప్పుడు చచ్చిపోయినవాళ్లని పూడ్చారని చెప్పుకునే చోటు ఉంది. మగవాళ్లదొక దిబ్బ, ఆడవాళ్లదొక దిబ్బ. ఒడ్డుకి చేరినవాళ్లు ఏడు జంటలట. శనివారం గానుగ ఆడించరు గనక ఊరివాళ్లు వాళ్లని 'శనివార తేలీ' అన్నారు. శనివారం తెలికలవాళ్లు. ఎక్కడి నుంచి వచ్చారని అడక్కుండా చేసే పనిని బట్టి పేరు పెట్టుకున్న ఊరు. మాకు ఆ ఊరంటే అసూయ.

ఇప్పుడు మా వాళ్లూ ఓడలు కాదు, విమానాలెక్కుతున్నారు. కోనసీమలో కువైట్‌కో మస్కట్‌కో మనిషిని పంపని పేట అరుదు. ఇంటిపనికి వెళ్లిన మా ఖాలా ఒకావిడ అక్కడే చచ్చిపోయింది. శవం తేవటానికి డబ్బు, కాగితాలు చాలక అక్కడే దఫన్ చేశారు. ఫోన్లో ఒక ఫొటో వచ్చింది. ఇసుకలో వరసలు, ప్రతి దానికీ చిన్న రాయి, రాయి మీద నంబరు. ఆమె కూతురు ఆ నంబరు చీటీ మీద రాసుకుని ఖురాన్‌లో పెట్టుకుంది.

ఆ చీటీ చూశాకే మా దొడ్డికి ఒక రిజిస్టరు రాయటం మొదలుపెట్టాం. రాళ్లు పాతుదామంటే జమాతులో కుర్రాళ్లు ఒప్పుకోలేదు. గోరీ మీద రాత ఉండకూడదంటారు, దర్గాలకి పోయే పెద్దవాళ్లు ఉండాలంటారు. ఆ పంచాయతీ తేలేలోగా ఇంకో వరస కుంగిపోతుంది. పుస్తకానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎడమ పేజీ ఉర్దూ, కుడి పేజీ తెలుగు. గోతులు తవ్వే ముసలాయన్ని కుర్చీ వేసి కూచోబెట్టి, ఆయన కర్ర చూపించిన చోటల్లా చీటీ గుచ్చి రాసుకున్నాం. రోడ్డులోకి పోయిన ముగ్గురివీ ముందు రాయించాడు. పోయిన షబే బరాత్ నాటికి నూట నలభై పేర్లు వచ్చాయి. మగవాళ్లవి దాదాపు అన్నీ చెప్పాడు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి 'ఫలానా సాయిబుగారి ఆడమడిసండి' అనేవాడు. ఆయన తప్పేముంది, మేమే ఆ పేర్లు ఎప్పుడూ బయట పలకలేదు. యాభై మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి. వాటికోసం పేటలో మిగిలిన నానీల దగ్గరికి సాయంత్రాలు అమ్మీ తిరుగుతోంది. నిన్న రెండు పేర్లు తెచ్చింది.